దుప్పటి వీరుడి గొంతు

ఇంట్లో కాళ్లు చాపుకుని సినిమా చూసే భాగ్యం మీ తరానికి పుట్టుకతోనే వచ్చింది. మొన్న మా పక్కవాటా అబ్బాయి, ఆకాశంలో ఎగిరే వీరుడి సినిమా ఒకటి డిస్కు మీద తెచ్చుకుని, పెట్టిన దగ్గర్నుంచి విసుక్కుంటూనే ఉన్నాడు. నలుపు సరిగ్గా నల్లగా లేదట. వెనకనుంచి రావాల్సిన పిడుగు పక్కనుంచి వస్తోందట. గోడకు ఇవతల కూర్చుని నేను నవ్వుకున్నాను. మా రోజుల్లో పిడుగు ఎటునుంచి వచ్చినా సరే, అది పిడుగో ఎడ్లబండో తెలిస్తే చాలు, ఆ పూటకి గట్టెక్కినట్టే.

ఈ బొమ్మా సౌండూ అనే వ్యవహారంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. డెబ్బైల్లో విజయవాడ గాంధీనగర్‌లో ఒక మేడ మెట్ల కింద చిన్న గది ఉండేది. అదే మా షాపు. పెద్ద హాళ్లలో ఆడి ఆడి అలిసిపోయిన సినిమాలను మద్రాసు కంపెనీవాళ్లు సన్నటి ఫిల్ము మీదికి దింపి పంపితే, వాటిని చిన్న ప్రొజెక్టరుతో సహా పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ క్లబ్బులకీ అద్దెకి పంపేవాళ్లం. అంటే మీ డిస్కులకి మేం ముత్తాతలం. కాకపోతే మా డిస్కు బస్సు టాపు మీద వచ్చేది, దాన్ని పట్టుకుని నేనూ వచ్చేవాణ్ణి. మిషను, ఆంప్లిఫయరు, స్పీకరు పెట్టె, మడతపెట్టిన తెల్లగుడ్డ, రీళ్ల డబ్బాలు. అన్నీ దించుకునేసరికి సినిమా వేయకముందే ఆపరేటరు చెమటతో తడిసి ముద్దయ్యేవాడు.

నా చదువు ఆరో తరగతిలో ఆగింది. నేను ఆపలేదు, మా లెక్కల మాస్టారు ఆపారు. అచ్చం ఆయనలా నడిచి చూపించానని బడినుంచి పంపేశారు. అందుకని ఈ పనిలోకి వచ్చేసరికి నా దగ్గర ఉన్న ఆస్తి నోరు ఒక్కటే. మిషను పని మా ఓనరుగారు ఒక పూటలో నేర్పించారు. ఫిల్ము ఎక్కించడం, బొమ్మ స్పష్టంగా వచ్చేలా ముందు లెన్సు తిప్పడం, రీలు మార్చడం. ఇంకోమాట కూడా చెప్పారు. మిషనులో రెండు బల్బులుంటాయి. పెద్దది గుడ్డమీద బొమ్మ వేస్తుంది, చిన్నది ఫిల్ము అంచున ఉండే సౌండు గీతని చదువుతుంది. పెద్ద బల్బు మద్రాసునుంచి రావాలి కాబట్టి దాన్ని కన్నకూతురిలా చూసుకోమన్నారు. చిన్నదాని గురించి ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

సౌండు సంగతి ఎలా ఉండేదంటే, కొన్ని ప్రింట్లు చక్కగా పలికేవి, కొన్ని నీళ్లలోంచి మాట్లాడినట్టు గుడగుడలాడేవి. అది ప్రింటు జాతకం అనుకునేవాణ్ణి. ఒకసారి మంగళగిరిలో నేతవారి పెళ్లింట్లో ఇలాంటి గుడగుడ ప్రింటే పడింది. జనం ఈలలు మొదలుపెట్టారు. ఆంప్లిఫయరుతో పాటు ఒక మైకు ఉండేది, తప్పిపోయిన పిల్లల గురించి చెప్పడానికి. నేను సినిమా సౌండు పూర్తిగా తగ్గించేసి, ఆ మైకు అందుకుని, తెరమీద హీరో పెదాలు కదిలినప్పుడల్లా నాకు తోచింది మాట్లాడటం మొదలుపెట్టాను. హీరోయిన్ చేత మంగళగిరి చీర బేరం ఆడించాను. విలన్ చేత పెళ్లికొడుకు మేనమామని తిట్టించాను. పందిరంతా పడీపడీ నవ్వింది.

ఇంక చూసుకోండి. ఆ మాట్లాడే అబ్బాయినే పంపండి అని షాపుకి కబుర్లు రావడం మొదలైంది. ఓనరుగారికి సంతోషం, నాకు గర్వం. గుడగుడ ప్రింటు పడితే బాగుండునని లోపల్లోపల కోరుకునే స్థితికి వచ్చాను. రెండేళ్లు అలాగే గడిచాయి.

మా షాపులో ఎవరూ అడగని సినిమా ఒకటుండేది. ఎక్కడో తీసిన దాన్ని మద్రాసులో తెలుగు చేశారు. ఒంటికి అతుక్కున్న బట్టలేసుకుని, భుజాలమీద దుప్పటిలాంటి గుడ్డ కట్టుకుని ఒకడు ఊళ్లమీద ఎగురుతూ దొంగల్ని పడతాడు. హాల్లో అది వెడల్పు బొమ్మ. మా సన్న ఫిల్ములోకి దింపేటప్పుడు రెండు పక్కలా కోసేశారు. దాంతో వాడు ఎగిరినప్పుడల్లా ఒకసారి తల ఉండేది కాదు, ఒకసారి కాళ్లు ఉండేవి కాదు. దాన్ని మేం దుప్పటి సినిమా అనేవాళ్లం. సౌండు గురించి చెప్పనే అక్కర్లేదు. మునిగిన పడవలోంచి మాట్లాడినట్టుండేది.

ఒక శనివారం దానికి బుకింగ్ వచ్చింది. బందరు రోడ్డులో కంకిపాడు దాటాక కాలవ పక్కన ఒక ఊరు. ఆడపిల్ల ఏడో పుట్టినరోజు. ఎవరో చూసుకోక రాశారేమో, ఇంకో మంచి సినిమా కూడా పట్టుకెళ్లమంటారా అని ఓనరుగారిని అడిగాను. లేదురా, పేరు పెట్టి మరీ అడిగారు అన్నారాయన. పైగా మద్రాసు కంపెనీవాళ్లు దాన్ని వెనక్కి పంపమన్నారట. తొమ్మిది రోజుల తర్వాత సోమవారం బండిలో పార్సిలు వేయాలి. ఆడని ప్రింట్లన్నీ వాళ్లు మందులో కడిగి వెండి తీసుకుంటారు, మిగిలిన ఫిల్ము గాజులు చేసేవాళ్లకి పోతుంది. అంటే దుప్పటి వీరుడు గాజులైపోయే ముందు ఆఖరి ఆట అన్నమాట.

ఆ ఇల్లు చర్చి పక్కనే. పెంకుటిల్లు, పెద్ద నడవ. ఇంటావిడ ఆ ఊరి బళ్లో టీచరు. భర్త నలభై ఏళ్ల మనిషి, మెడచుట్టూ తెల్లటి రుమాలు. పలకరించినా నవ్వడమే తప్ప మాట్లాడలేదు. చేతిలో ఒక పలక, బలపం. ఏదన్నా చెప్పాలంటే దానిమీద రాస్తున్నాడు. మూగాయన కాబోలు అనుకున్నాను. పుట్టినరోజు పిల్ల కొత్త గౌనులో నా మిషను చుట్టూ తిరుగుతూ ఏ మీట ఏం చేస్తుందో అడిగింది. ఈ మీట నొక్కితే దుప్పటాయన బయటికొచ్చి మీ ఇంటి కేకు తింటాడన్నాను. కేకు మీద మూత పెట్టించి వచ్చింది.

పొద్దుగూకగానే ఆట మొదలెట్టాను. వాకిట్లో వందమంది దాకా ఉన్నారు. మొదటి మాటకే సౌండు గుడగుడ. నేను ఎదురుచూస్తున్నదీ అదే కదా, సౌండు సున్నా చేసి మైకు తీసుకున్నాను. దుప్పటాయన్ని ప్రకాశం బ్యారేజి మీదుగా ఎగరేశాను. ఆటోనగర్‌లో రెక్కలకి గ్రీజు పెట్టించాను. దొంగలతో, ఒరేయ్, కొండపల్లి బొమ్మల్లా వరసగా నిలబడండ్రా, అనిపించాను. జనం బాగా నవ్వుతున్నారు. ముందు వరసలో ఇంటాయన మాత్రం వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతున్నాడు. నా మాటలకి మురిసిపోతున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపాను.

మొదటి రీలు అయిపోయి లైటు వేశాక ఆయన నా దగ్గరికి వచ్చి పలక చూపించాడు. ‘సినిమా సౌండు పెట్టండి’ అని ఉంది.

ఇక్కడే నేను చేసిన పని మీకు చెప్పాలి. చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఆయనకి మర్యాదగా జవాబిస్తే సరిపోయేది. వందమంది నవ్వులు చెవిలో ఉన్నాయి, చేతిలో మైకు ఉంది. మైకులోనే అన్నాను.

“అయ్యగారికి మన గొంతు నచ్చలేదంటండీ. పోనీ మైకిస్తాను, మిగతా సినిమా ఆయన్నే మాట్లాడమనండి.”

అని మైకు ఆయన మొహం ముందు పెట్టాను.

ఒక్కరూ నవ్వలేదు. ఆయన ఆ మైకువంక కాసేపు చూశాడు. దాన్ని పక్కకి నెట్టలేదు, కోపంగానూ చూడలేదు. పలక మీది అక్షరాలు అరచేత్తో తుడిచేసుకుని వెళ్లి తన చోట్లో కూర్చున్నాడు. నేను రెండో రీలు ఎక్కించి మళ్లీ మాట్లాడాను. ఈసారి పిల్లలు కూడా నవ్వలేదు. నా జీవితంలో అంత పొడుగు రీలు ఇంకోటి లేదు.

ఆట అయ్యాక గుడ్డ మడతపెడుతుంటే టీచరుగారు కాఫీ తెచ్చారు. ఆవిడ మాట మెత్తగానే ఉంది, అదే కష్టంగా అనిపించింది.

“ఆ ఎగిరే ఆయనకి తెలుగులో గొంతు ఇచ్చింది మా ఆయనేనండి.”

చర్చిలో ఆయన వాక్యం చదువుతుంటే కాలవ అవతలివాళ్లు కూడా వినేవాళ్లట. ఆ గొంతు విని ఎవరో మద్రాసు తీసుకెళ్లారు. రెండేళ్లు ఉండి, ఒక్క సినిమాలోనే హీరోకి డబ్బింగు చెప్పాడు. అదే ఇది. తర్వాత గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ మాట పోయింది. అప్పటికి పాపకి మూడు నెలలు.

“ఊహ తెలిశాక పాప వాళ్ల నాన్న గొంతు వినలేదండి. రేడియోలో లేదు, రికార్డులో లేదు. ఉన్నది దీంట్లోనే. అందుకే పుట్టినరోజుకి ఇది అడిగాం.”

ఆ కాఫీ ఎలా తాగానో గుర్తులేదు. తప్పయిపోయిందండి అన్నాను. ఆవిడ, మీకు తెలీదుగా బాబూ అన్నారు. తెలీకపోవడం ఒక తప్పయితే మైకు మొహంమీద పెట్టడం ఇంకో తప్పని ఇద్దరికీ తెలుసు. అప్పుడు పాప అడిగింది, బాబాయ్, నువ్వు మాట్లాడినట్టే మా నాన్న కూడా మాట్లాడేవాడా అని. లేదమ్మా, మీ నాన్నది మంచి గొంతు అన్నాను. మరి నువ్వెందుకు మాట్లాడావు అంది. నేను వంగి రీళ్ల డబ్బాలు కట్టుకోవడం మొదలుపెట్టాను.

మర్నాడు ఆదివారం మిషనూ మొదటి రీలూ రిక్షాలో వేసుకుని ఒక పెద్ద హాలు ఆపరేటరు దగ్గరికి వెళ్లాను. ముప్పయ్యేళ్లుగా ప్రొజెక్టర్ల రొదలో మగ్గి, చెవి దగ్గర అరిస్తే తప్ప వినపడని ముసలాయన. సౌండు బాగుచేయించుకోవడానికి చెవిటాయన దగ్గరికి వెళ్లడం నాకే నవ్వొచ్చింది. ఆయన సౌండు వినలేదు. ఫిల్ము కొస పట్టుకుని, కింది పెదవిని నాలుకతో తడిపి, ఫిల్ముని ఒకవైపు పెదవికి ఆనించాడు. తిప్పి రెండోవైపు ఆనించాడు. ఒకవైపు నున్నగా జారింది, రెండోవైపు పెదవికి అంటుకుంది.

అంటుకున్న వైపు మందు పూత ఉంటుందట. బొమ్మా సౌండూ ఆ పూతలోనే ఉంటాయి. సన్న ఫిల్ముల్లో కొన్ని ప్రింట్లకి పూత అటువైపు, కొన్నింటికి ఇటువైపు వస్తుంది. బొమ్మకైతే ముందు లెన్సు తిప్పుకుంటాం. సౌండు చదివే చిన్న లెన్సుని కూడా అలాగే తిప్పుకోవాలి. దాని పక్కన మినపగింజంత స్క్రూ ఉంది.

“దీన్ని తిప్పి ఎన్నాళ్లయిందిరా?” అన్నాడాయన.

“అది ఉందని ఇప్పుడే తెలిసిందండి.”

ఆయన స్క్రూడ్రైవరుతో దాన్ని పావు చుట్టు తిప్పి, ఆడించమన్నాడు. స్పీకర్లోంచి ఒక మగగొంతు వచ్చింది. నిండుగా, తొణక్కుండా, ఒక్కో మాటా విడివిడిగా. “భయపడకండి, నేనున్నాను,” అంటోంది. ఏముందిరా, వస్తోందా అని ముసలాయన అడుగుతున్నాడు. నేను తల ఊపాను. రెండేళ్లపాటు ఎన్ని ఊళ్లలో ప్రింటు బాగాలేదని చెప్పానో లెక్కలేదు. ప్రింటు ఏ రోజూ చెడ్డది కాదు. దాని మాట వినిపించే స్క్రూ నేను తిప్పలేదు, తిప్పకపోగా దానిమీద కూర్చుని పేరు తెచ్చుకున్నాను.

ఓనరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మిషను మీదికి వంగి, ఏదిరా ఆ స్క్రూ అన్నారు. స్క్రూ సంగతి ఆయనకీ తెలీదని అప్పుడు నాకు అర్థమైంది. చివరికి, వచ్చే ఆదివారం మధ్యాహ్నం మిషను ఖాళీయే, వేసి రా, సోమవారం పార్సిలు మాత్రం ఆగదు అన్నారు. బల్బు జాగ్రత్త, నల్లబడింది, మార్చడానికి ఇంకోటి లేదు అని కూడా అన్నారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాలు పెట్టారు. ఈసారి వంద మందిని పిలవలేదు, ఇంట్లోవాళ్లూ నలుగురు చుట్టాలూ. నడవ కిటికీలకి గోనెపట్టాలు కట్టి చీకటి చేశాం. ఇంటాయన నా భుజంమీద తట్టి, మిషను దగ్గరే తన పక్కన పీట చూపించి కూర్చోమన్నాడు. మైకు నేను బెజవాడలోనే వదిలేసి వచ్చాను. ఆ సంగతి టీచరుగారికి ముందుగానే చెప్పాను, నమ్మకం కుదరాలి కదా.

మొదటి రీలు నడిచింది. గొంతు వచ్చింది. పాప తెరవైపే చూస్తోంది. ఎగిరేవాణ్ణి చూసి చప్పట్లు కొట్టింది, బొమ్మలో వాడి తల కనపడకుండా పోయినప్పుడు నవ్వింది. ఆ గొంతు ఎవరిదో వాళ్లమ్మ చెవిలో చెప్పింది. పాప తెరవంక చూసింది, నాన్నవంక చూసింది, మళ్లీ తెరవంక చూసింది. నమ్మినట్టు లేదు. ఏ పిల్ల మాత్రం ఎలా నమ్ముతుంది? అక్కడ మాట్లాడేవాడు ఎత్తుగా, తెల్లగా, దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ఇక్కడ వాళ్ల నాన్న పీటమీద పలక పట్టుకుని ఉన్నాడు. సౌండు ఎంత బాగున్నా ఆ గొంతు తెరమీదివాడికే పోతోంది. నేను బాగుచేసింది స్క్రూ ఒక్కటే అనిపించింది.

రెండో రీలు సగంలో ఉండగా ఊరి రైసుమిల్లు ఆపారు. ఆ రోజుల్లో మిల్లు నడిచినంతసేపు ఊళ్లో లైట్లు గుడ్డిగా వెలిగేవి, ఆగగానే కరెంటు ఒక్కసారిగా ఎగిరేది. గుడ్డమీద బొమ్మ తళుక్కుమంది. టప్ మని చప్పుడైంది. పెద్ద బల్బు పోయింది.

నడవంతా చీకటి. చేయి మీట మీదికి వెళ్లింది, ఆపేద్దామని. చిన్న బల్బుకి మాత్రం ఏమీ కాలేదు. ఫిల్ము తిరుగుతూనే ఉంది, గొంతు వస్తూనే ఉంది. ఆ చీకట్లో ఇంటాయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఈసారి పలక అక్కర్లేకపోయింది. ఆపవద్దంటున్నాడని అర్థమైంది. ఆపలేదు.

బొమ్మ లేనప్పుడు చీకటి మాత్రం ఎందుకని టీచరుగారు లేచి ఒక కిటికీకి కట్టిన గోనెపట్టా విప్పేశారు. మధ్యాహ్నపు వెలుగు వచ్చి సరిగ్గా పీటమీద పడింది. అప్పుడు చూశాను. ఆయన పెదాలు కదులుతున్నాయి.

ఒకప్పుడు మద్రాసులో గాజుగది లోపల నిలబడి, ఎవడో కదిపిన పెదాలకి తన మాటలు అతికించిన మనిషి. ఇప్పుడు తన మాటలకే తన పెదాలు అతికిస్తున్నాడు. ఏ మాటా మరిచిపోలేదు. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో అక్కడే ఊపిరి తీసుకున్నాడు. స్పీకరు గద్దించినప్పుడు ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. స్పీకరు ఒక పిల్లవాణ్ణి బుజ్జగించినప్పుడు ఆయన తల కొంచెం పక్కకి వంచాడు. మెడమీది రుమాలు కూడా కదులుతోంది.

పాప లేచి నిలబడింది. తెల్లగుడ్డకి వీపు పెట్టి నాన్నకి ఎదురుగా వచ్చి కింద కూర్చుంది. ఇంక తెరవైపు తిరగలేదు. “భయపడకండి, నేనున్నాను,” అన్న మాట ఆ రీల్లో మళ్లీ వచ్చింది. ఆయన దాన్ని ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ అన్నాడు. గొంతు పది అడుగుల దూరంలో స్పీకర్లోంచి వచ్చిందని ఆ గదిలో ఎవరూ ఒప్పుకోరు.

సినిమా చివర హీరో పెద్దగా నవ్వుతాడు. ఆయన నోరు తెరిచి తల వెనక్కి వేసి నవ్వాడు. పాప కూడా నవ్వింది. రీలు కొస ఊడి టపటపా కొట్టుకునేదాకా నేను లేవలేదు. అన్నేళ్లలో నోరు మూసుకుని పూర్తిగా చూసిన ఆట అదొక్కటే.

“బాబాయ్, మా నాన్న నవ్వింది మళ్లీ వెయ్యవా,” అంది పాప.

ఆ నవ్వు ఆరుసార్లు వేశాను. ఫిల్ము వెనక్కి చుట్టి, మళ్లీ ఎక్కించి. ఆరుసార్లూ ఆయన నవ్వాడు. ఆరోసారికి టీచరుగారు వంటింట్లోకి వెళ్లిపోయారు.

సోమవారం ప్రింటు మద్రాసు బండి ఎక్కింది. తర్వాత ఎవరి చేతి గాజులైందో తెలీదు. ఇక ఆ తర్వాత నేను మైకు పట్టుకున్నానా అంటే, పట్టుకున్నాను. పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది? కాకపోతే ముందు ఫిల్ము పెదవికి ఆనించి, స్క్రూ తిప్పి, సినిమా తన మాట తను చెప్పుకోలేదని తేలాకే నా నోరు తెరిచేవాణ్ణి. అలా తేలింది చాలా తక్కువసార్లు. షాపుకి నా పేరు చెప్పి వచ్చే కబుర్లు కూడా తగ్గిపోయాయి.

ఆ సోమవారం పొద్దున్నే ఓనరుగారు మిషను మూత తీసి మాడిపోయిన బల్బు చూశారు.

“సగంలోనే పోయిందా? అయితే బొమ్మ లేకుండానే వచ్చేశావా?”

“లేదండి,” అన్నాను. “బొమ్మా సౌండూ అంత బాగా కుదిరిన ఆట మన షాపు ఇంతవరకూ వేయలేదండి.”